తోడు మారితే రూపు మారే ప్రోటీన్: రాస్‌ను ఒంటరిగా చూస్తే ఎందుకు అర్థం కాదు

1982లో మూడు ప్రయోగశాలలు విడివిడిగా పనిచేసి ఒకే నిర్ణయానికి వచ్చాయి. టీ24 అనే మూత్రాశయ క్యాన్సర్ కణాల్లో రాస్ అనే జన్యువు చెడిపోయి ఉంది. చెడింది కూడా ఒక్కటంటే ఒక్క అక్షరమే. జీజీసీ ఉండాల్సిన చోట జీటీసీ ఉంది. దాంతో ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌లో 12వ స్థానంలో గ్లైసిన్ పోయి వాలీన్ వచ్చింది. ఆ మూడు పత్రాల్లో ఒకదానికి మొదటి రచయిత ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి. ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి అమెరికా వెళ్లిన ఆయన అప్పటికి అక్కడి నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నారు. మనిషి క్యాన్సర్ కణంలో ఫలానా చోట ఫలానా మార్పు జరిగింది అని వేలు పెట్టి చూపించగలగడం అదే మొదలు.

జవాబు దొరికిన చోటే ఇంకో చిక్కుముడి పడింది. అమైనో ఆమ్లాలన్నిట్లో చిన్నది గ్లైసిన్. దాని పక్కకొమ్మ అంటే ఒక్క హైడ్రోజన్ పరమాణువే. వాలీన్‌లో అదే చోట మూడు కార్బన్ల కొమ్మ ఉంటుంది. దాదాపు 190 అమైనో ఆమ్లాలున్న ప్రోటీన్‌లో ఇంత చిన్న మార్పు కణాన్ని క్యాన్సర్ దాకా ఎలా తీసుకెళ్తుంది? ప్రోటీన్ ఆకారమే వంకరపోయి ఉంటుందని అనుకోవడం సహజం. 1990 నాటికి మామూలు రాస్‌వీ, చెడిన రాస్‌వీ స్ఫటిక చిత్రాలు (ప్రోటీన్‌ను స్ఫటికంగా మార్చి ఎక్స్-రేలతో తీసే ఆకార చిత్రాలు) చేతికొచ్చాయి. పక్కపక్కన పెట్టి చూస్తే మడత అదే, కొలతలు అవే. తేడాలు ఉన్నాయి గానీ, ఇంత అనర్థానికి కారణం ఇదీ అని చూపించగలిగినంత తేడా ఏదీ అందులో లేదు.

ఎందుకంటే వెతుకుతున్న తేడా ఒంటరి రాస్‌లో లేదు. మరో ప్రోటీన్ వచ్చి రాస్‌ను పట్టుకున్న క్షణంలో మాత్రమే అది బయటపడుతుంది. కణంలో కబుర్లు మోసే సిగ్నలింగ్ ప్రోటీన్ల విషయంలో ఇదే అసలు సంగతి. వాటి ఆకారం ఎలా ఉంటుందని అడిగితే సగం ప్రశ్నే అవుతుంది. ఎవరితో ఉన్నప్పుడు ఎలా ఉంటుందని అడగాలి. ఈ రెండో ప్రశ్నకు జవాబు కూడబెట్టడానికి పరిశోధకులకు దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. రాస్ మీద మందు రావడం అంత ఆలస్యం కావడానికి ఇదీ ఒక కారణం.

మొదటి తోడు ఒక చిన్న అణువు

రాస్ ఉండేది కణత్వచం లోపలి వైపు. తోకకు అతికిన కొవ్వు గొలుసు దాన్ని అక్కడ పట్టి ఉంచుతుంది. కణం పెరగాలన్న కబురు బయటి నుంచి రిసెప్టర్‌ను (కణం మీద కబురు అందుకునే ప్రోటీన్‌ను) తాకితే, అది గ్రాబ్2, సాస్ అనే ప్రోటీన్ల మీదుగా రాస్‌ను చేరుతుంది. రాస్ నుంచి రాఫ్, మెక్, ఎర్క్ అనే ఎంజైమ్‌ల వరుస దాన్ని కేంద్రకం దాకా మోస్తుంది. మనుషుల్లో రాస్‌లు మూడు: హెచ్‌రాస్, ఎన్‌రాస్, కేరాస్. క్యాన్సర్లలో ఎక్కువగా చెడేది కేరాస్. మొత్తం మీద దాదాపు ఐదో వంతు క్యాన్సర్లలో ఏదో ఒక రాస్ చెడిపోయి కనిపిస్తుంది. క్లోమగ్రంథి క్యాన్సర్లో అయితే పదిలో తొమ్మిదింటి దాకా.

రాస్ తన పొట్టలో ఎప్పుడూ ఒక చిన్న అణువును పెట్టుకునే ఉంటుంది. అది జీడీపీ అయితే రాస్ నిద్రలో ఉన్నట్టు, జీటీపీ అయితే మేలుకున్నట్టు. (వార్తల్లో వినే జీడీపీ కాదు, ఇది గ్వానోసిన్ డైఫాస్ఫేట్.) రెండింటికీ తేడా చివరనున్న ఒక్క ఫాస్ఫేట్. జీటీపీకి మూడు ఫాస్ఫేట్లు, జీడీపీకి రెండు.

ఒక్క ఫాస్ఫేట్‌తో ఏం మారుతుంది? రాస్‌లో చాలా భాగం గట్టిగా మడతపడి ఉంటుంది. కానీ రెండు ముక్కలు మాత్రం కదులుతాయి. సుమారుగా 30వ అమైనో ఆమ్లం నుంచి 40వ దాకా ఉన్న ముక్కను స్విచ్-1 అంటారు, 60 నుంచి 76 దాకా ఉన్నదాన్ని స్విచ్-2 అంటారు. మూడో ఫాస్ఫేట్ ఉన్నప్పుడు స్విచ్-1లోని థ్రియోనిన్-35, స్విచ్-2లోని గ్లైసిన్-60 చెరో హైడ్రోజన్ బంధంతో దాన్ని అంటిపెట్టుకుంటాయి. థ్రియోనిన్-35 పక్కకొమ్మ ఇంకో చేత్తో మెగ్నీషియం అయాన్‌ను కూడా పట్టుకుంటుంది. ఫాస్ఫేట్ తెగిపోగానే ఈ పట్టు సడలి రెండు ముక్కలూ వెనక్కి జారుతాయి. ఈ రంగంలో దీన్ని బిగించిన స్ప్రింగ్ అంటారు. పేరు బాగానే ఉంది, కానీ అది చెప్పేది ఫాస్ఫేట్ తెగిన క్షణం గురించి మాత్రమే. ఆ ముందూ వెనకా జరిగేదానికి వేరే ప్రోటీన్ల ప్రమేయం కావాలి.

1988 నుంచి 1990 మధ్య ఎక్స్-రే స్ఫటిక చిత్రాలు వరసగా వచ్చాయి. జీడీపీతో ఒకటి, జీటీపీని పోలిన, తెగని అణువుతో ఒకటి. అప్పటి నుంచి పాఠ్యపుస్తకాల్లో రాస్ అంటే రెండు బొమ్మలు: ఆన్, ఆఫ్. అబద్ధం కాదు. కానీ ఆధార్ కార్డు ఫొటో చూసి మనిషి నడకను అంచనా కట్టడం ఎలాంటిదో, ఆ రెండు బొమ్మలు చూసి రాస్ పనితీరును అర్థం చేసుకోవాలనుకోవడం అలాంటిది. స్ఫటికంలో ప్రోటీన్ చల్లగా, కదలకుండా, తనలాంటి లక్షల అణువుల మధ్య ఇరుక్కుని ఉంటుంది. నిజానికి ఆ చిత్రాల్లో కూడా స్విచ్ ముక్కల దగ్గర గీతలు మసకబారి కనిపించేవి. అక్కడ కదలిక ఉందనడానికి అదే సూచన.

ఆర్జినిన్ వేలు

జీటీపీని కోసి జీడీపీగా మార్చే పని రాస్ తనంతట తాను చేసుకోగలదు. కాకపోతే మహా నెమ్మది. 37 డిగ్రీల వద్ద సగం జీటీపీ తెగడానికి సుమారు 25 నిమిషాలు పడుతుంది. కణానికి అంత ఓపిక ఉండదు. అందుకే గ్యాప్ అనే తోడు ప్రోటీన్లు ఉన్నాయి. గ్యాప్ వచ్చి ఆనుకుంటే అదే పని దాదాపు లక్ష రెట్ల వేగంతో జరిగిపోతుంది.

గ్యాప్ చేసేదేమిటన్నది 1996లో జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విట్టింగ్‌హోఫర్ బృందం చేసిన ఒక ప్రయోగంతో తేలడం మొదలైంది. జీటీపీ తెగే క్షణంలో మూడో ఫాస్ఫేట్ ఒక అరక్షణం పాటు చదునుగా, అటూ ఇటూ కాకుండా నిలబడుతుంది. ఆ రూపాన్ని పట్టుకోవడం అసాధ్యం. కానీ అల్యూమినియం ఫ్లోరైడ్ ఆకారంలో దాన్ని పోలి ఉంటుంది. జీడీపీ ఉన్న రాస్‌కు అల్యూమినియం ఫ్లోరైడ్ కలిపితే ఏమీ జరగలేదు. అది వచ్చి కూర్చోలేదు. గ్యాప్ కూడా వేస్తే కూర్చుంది. అదీ చిటికెడు గ్యాప్ సరిపోలేదు, రాస్ ఎంత ఉంటే గ్యాప్ దాదాపు అంతా కావాల్సొచ్చింది. అంటే గ్యాప్ వచ్చి తట్టి పోవడం లేదు. ఆ క్షణంలో రాస్ పక్కనే ఉండి, కోత గదిలో తన వంతు భాగాన్ని తానే నిర్మిస్తోంది. సగం గది రాస్‌ది, సగం గ్యాప్‌ది.

మరుసటి ఏడాది, 1997లో, ఆ మూడింటి స్ఫటిక చిత్రం వచ్చింది. పీ120 అనే గ్యాప్‌లోని 789వ స్థానంలో ఉన్న ఆర్జినిన్, వేలు చాపినట్టు రాస్ లోపలికి దూరి, ఫాస్ఫేట్ల దగ్గర పోగయ్యే రుణావేశాన్ని తన ధనావేశంతో తగ్గిస్తోంది. అంతకన్నా ముఖ్యంగా, రాస్‌లో స్విచ్-2 మీద ఉండే గ్లుటమిన్-61ను సరైన చోట నిలబెడుతోంది. ఫాస్ఫేట్ మీదికి దూకాల్సిన నీటి అణువును పట్టి ఉంచేది ఈ గ్లుటమినే. ఒంటరి రాస్‌లో అది అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. తోడు వస్తేనే కుదురుగా నిలుస్తుంది.

ఈ చిత్రంలోకి 12వ స్థానాన్ని తెచ్చి చూస్తే అంతా తేటపడుతుంది. ఆ గ్లైసిన్, ఆర్జినిన్ వేలుకూ గ్లుటమిన్-61కీ ఆనుకునే ఉంది. మధ్యలో మిగిలిన ఖాళీ ఒక హైడ్రోజన్ పట్టేంత. అక్కడ వాలీన్ గానీ, ఆస్పార్టేట్ గానీ, ఇంకేది గానీ వస్తే గ్యాప్ వచ్చి ఆనుకోగలదు, కానీ వేలు, గ్లుటమిన్ రెండూ కోతకు కావాల్సిన భంగిమలో ఇమడవు. జీటీపీ అలాగే మిగిలిపోతుంది, రాస్ కబురు పంపుతూనే ఉంటుంది. మార్పు జరిగింది రాస్‌లో, కానీ అది దెబ్బతీసింది రాస్-గ్యాప్ జంటకు మాత్రమే సాధ్యమయ్యే ఒక ఆకారాన్ని. 1990 నాటి ఒంటరి చిత్రాల్లో ఇది ఎంత వెతికినా ఎందుకు దొరకలేదో వేరే చెప్పనక్కర్లేదు.

ఇదే సమస్య రెండో వైపు నుంచి కూడా రావచ్చు. న్యూరోఫైబ్రోమిన్ అనే గ్యాప్ పుట్టుకతోనే సగం లోపించినవారికి ఎన్ఎఫ్1 జబ్బు వస్తుంది. నరాల వెంట గడ్డలు, ఒంటి మీద కాఫీ రంగు మచ్చలు దాని గుర్తులు. వాళ్ల రాస్‌లో ఏ లోపమూ ఉండదు. తోడు కరువవడమే జబ్బు.

తెరిచే చేయి, పట్టుకునే చేయి

సాస్ పని గ్యాప్‌కు సరిగ్గా తలకిందులు. జీడీపీని రాస్ ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, వదిలేస్తే అది తనంతట తాను బయటికి రావడానికి గంటల లెక్కలో పడుతుంది. సాస్ దాన్ని బలవంతంగా తెరిపిస్తుంది. 1998లో జాన్ కురియన్ బృందం ప్రచురించిన చిత్రంలో ఇది కళ్లకు కట్టినట్టు ఉంటుంది. సాస్‌లోంచి పొడుచుకొచ్చిన రెండు హెలిక్స్‌ల (మెలిచుట్టల) జడపిన్ను లాంటి భాగం స్విచ్-1ను పక్కకు లాగేస్తుంది. మెగ్నీషియం కూర్చునే చోటునూ, ఫాస్ఫేట్లు ఆనుకునే చోటునూ చెదరగొడుతుంది. గ్వానిన్ ఉండే రెండో కొసను మాత్రం ముట్టుకోదు. అందుకే జీడీపీ జారిపోవడానికీ, కొత్త అణువు రావడానికీ దారి మిగులుతుంది. కొత్తగా వచ్చేది జీటీపీయే కావాలని సాస్ ఏమీ ఎంచదు. కణంలో జీడీపీ కన్నా జీటీపీ చాలా రెట్లు ఎక్కువ కాబట్టి ఖాళీ అయిన చోటులోకి మామూలుగా జీటీపీయే వస్తుంది, అంతే.

2003లో ఇంకో విశేషం తేలింది. సాస్‌కు రాస్ కోసం ఒకటి కాదు, రెండు చోట్లున్నాయి. రెండో చోటులో జీటీపీ ఉన్న రాస్ వచ్చి కూర్చుంటే సాస్ తన ఆకారం సర్దుకుని, మొదటి చోటులో పని వేగం పెంచుతుంది. అంటే మేలుకున్న రాస్ సాస్ రూపం మారుస్తుంది, రూపం మారిన సాస్ మరిన్ని రాస్‌లను మేలుకొలుపుతుంది. రూపం మార్చేది ఒకరు, మారేది ఒకరు అన్న లెక్క ఇక్కడ కుదరదు.

ఇక రాఫ్. మేలుకున్న రాస్‌ను రాఫ్ సుమారు 20 నానోమోలార్ స్థాయి పట్టుతో పట్టుకుంటుంది (ఈ అంకె ఎంత చిన్నదైతే పట్టు అంత గట్టిది). జీడీపీ ఉన్న రాస్ మీద ఆ పట్టు దాదాపు వెయ్యి రెట్లు బలహీనం. రాస్‌లోని ఒక బీటా పోగు (చాచినట్టు ఉండే గొలుసు ముక్క), రాఫ్‌లోని ఒక బీటా పోగు పక్కపక్కన ఎదురెదురు దిశల్లో పడుకుని, రెండు ప్రోటీన్ల మీదుగా ఒకే చాప అల్లినట్టు కలిసిపోతాయి. ఆ పోగు స్విచ్-1ను ఆనుకునే ఉంటుంది. గ్యాప్ ఆనేది కూడా దాదాపు ఇదే ముఖం మీద. అందువల్ల రాఫ్ పట్టుకుని ఉన్నంతసేపూ గ్యాప్‌కు చోటు లేదు. పీఐ3 కైనేజ్, రాల్‌జీడీఎస్ లాంటి మిగతా తోడు ప్రోటీన్లు కూడా ఈ కొద్దిపాటి స్థలం కోసమే పోటీ పడతాయి.

మార్చడమా, ఎంచుకోవడమా

ఇక్కడ ఒక పాత వాదం ముందుకొస్తుంది. ఎంజైమ్, దాని పదార్థం తాళం, చెవి లాంటివని 1894లో ఎమిల్ ఫిషర్ అన్నాడు. చెవి దూరేకొద్దీ తాళమే సర్దుకుంటుందని 1958లో డేనియల్ కోష్‌లాండ్ సవరించాడు. ప్రోటీన్ ముందే రెండు మూడు రూపాల మధ్య ఊగుతూ ఉంటుంది, వచ్చినవాళ్లు తమకు సరిపోయేదాన్ని పట్టి నిలుపుతారు అన్నది 1965లో మోనో, వైమన్, షాంజో చెప్పిన దారి. పైకి ఇది మాటల తేడాలా అనిపిస్తుంది. ప్రయోగశాలలో మాత్రం వీటిని విడదీసి చూడొచ్చు. రాస్ అందుకు మంచి ఉదాహరణ.

ఫాస్ఫరస్ పరమాణువులను వినే ఎన్ఎంఆర్ పద్ధతి ఒకటుంది. ఒక్కో పరమాణువు సంకేతం గ్రాఫులో ఒక శిఖరంగా కనిపిస్తుంది. జీటీపీలో మూడు ఫాస్ఫేట్లున్నాయి కాబట్టి మూడు శిఖరాలు రావాలి. 1996లో విట్టింగ్‌హోఫర్, హాన్స్ రాబర్ట్ కాల్‌బిట్జర్ తదితరులు జీటీపీని పోలిన అణువు ఉన్న రాస్‌ను చల్లబరిచి చూస్తే కొన్ని శిఖరాలు రెండుగా చీలి కనిపించాయి. అంటే 'ఆన్' అనుకున్న రాస్ ఒకటి కాదు, రెండు. స్థితి-1లో స్విచ్-1 వదులుగా, ఫాస్ఫేట్‌కు దూరంగా ఉంటుంది. స్థితి-2లో దగ్గరగా బిగిసి ఉంటుంది. గది ఉష్ణోగ్రతలో రాస్ ఈ రెండింటి మధ్య సెకనుకు వందలసార్లకు తక్కువ కాకుండా అటూ ఇటూ మారుతుంటుంది. రాఫ్ ముక్కను కలపగానే స్థితి-1 శిఖరం మాయమై స్థితి-2 ఒక్కటే మిగిలింది.

ఇంకా ఆసక్తికరమైనది థ్రియోనిన్-35ను సెరిన్‌గా మార్చిన రాస్. మారింది ఒక్క మిథైల్ గుంపే, మెగ్నీషియంను పట్టుకునే హైడ్రాక్సిల్ అలాగే ఉంది. అయినా ఆ రాస్ దాదాపు మొత్తం స్థితి-1లోకి వెళ్లిపోయింది. రాఫ్‌ను కలిపితే మాత్రం స్థితి-2 గుర్తులు మళ్లీ కనిపించాయి. అదే చోట అలనిన్ పెడితే రాఫ్ కూడా దాన్ని లాక్కురాలేకపోయింది. కణాల్లో చేసిన ప్రయోగాలతో దీన్ని కలిపి చూడాలి. సెరిన్ ఉన్న రాస్ రాఫ్‌తో పని చేయిస్తుంది గానీ, పీఐ3 కైనేజ్‌తోనూ రాల్‌జీడీఎస్‌తోనూ సరిగా కలవదు. జన్యుశాస్త్రంలో ఏళ్ల తరబడి దీన్ని రాఫ్‌కు మాత్రమే కబురు చేరవేసే రాస్‌గా వాడుకున్నారు. కారణాన్ని ఇలా చూడొచ్చు: కావాల్సిన రూపం అరుదైపోయినప్పుడు, గట్టి పట్టున్న తోడు ఆ అరుదైన రూపాన్ని పట్టుకుని నిలబెట్టగలదు, పట్టు తక్కువ ఉన్నవాటికి అది చేతకాదు.

దీన్నిబట్టి రాఫ్ చేసేది ఎక్కువగా ఎంపికే అనాలి. ఉన్న రూపాల్లోంచి ఒకదాన్ని పట్టి నిలుపుతుంది. సాస్ సంగతి అలా కాదు. అది స్థితి-1ను ఇష్టపడినా, అక్కడితో ఆగదు. ఒంటరి రాస్ ఎన్నడూ అంతసేపు నిలవలేని తెరుచుకున్న రూపంలోకి దాన్ని లాగుతుంది. గ్యాప్ మధ్యలో ఎక్కడో ఉంది, ఊగే గ్లుటమిన్‌ను నిలబెడుతుంది, తన వేలును కలుపుతుంది. ఒకే ప్రోటీన్ మీద మూడు తోడులు మూడు రకాలుగా పనిచేస్తున్నాయి. కోష్‌లాండ్ గెలిచాడా, మోనో గెలిచాడా అని తీర్పు చెప్పబోయే సమీక్షలు ఇంకా వస్తూనే ఉన్నాయి. రాస్‌ను దగ్గరగా చూస్తే ఆ పంతం అనవసరం అనిపిస్తుంది.

తోడు రూపం కూడా మారుతుందన్నది మర్చిపోకూడదు. విశ్రాంతిలో ఉన్న రాఫ్ తనలో తాను ముడుచుకుని, 14-3-3 అనే ప్రోటీన్ల జంట బిగింపులో ఉంటుంది. 2019లో క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో తీసిన బీరాఫ్ (రాఫ్‌లలో ఒకటి) చిత్రాల్లో ఆ ముడుపు స్పష్టంగా కనిపించింది. కణత్వచానికి అంటుకోవాల్సిన భాగం లోపల దాగి ఉంది. రాస్ పట్టుకుని త్వచం దగ్గరికి లాగితే ముడుపు విడిపోతుంది, దాగిన భాగం బయటికొచ్చి కొవ్వు పొరను అంటుతుంది, ఇద్దరు రాఫ్‌లు జతకట్టి పని మొదలెడతారు.

ఫొటోలో లేని గుంట

రాస్ మీద మందు పనిచేయదన్న మాట 2000ల్లో దాదాపు సామెత అయిపోయింది. కారణాలు లేకపోలేదు. జీటీపీతో పోటీ పడి దాని చోటు ఆక్రమించాలంటే కుదరదు, రాస్ దాన్ని పికోమోలార్ స్థాయిలో, అంటే నానోమోలార్ కన్నా ఎన్నో రెట్లు గట్టిగా పట్టుకుంటుంది, పైగా కణంలో జీటీపీకి కొదవ లేదు. తోకకు కొవ్వు అతికే ఎంజైమ్‌ను ఆపి చూశారు. కేరాస్ వేరే ఎంజైమ్ సాయంతో వేరే కొవ్వు అతికించుకుని తప్పించుకుంది. ఇక ప్రోటీన్ ఒంటి మీద మందు అణువు దూరేంత లోతైన గుంట స్ఫటిక చిత్రాల్లో కనిపించలేదు.

2013లో శాన్ ఫ్రాన్సిస్కోలో కెవాన్ షోకత్ బృందం చూపించినది సరిగ్గా ఆ కనిపించని గుంటనే. జీ12సీ రకం కేరాస్‌లో 12వ స్థానంలో గ్లైసిన్ బదులు సిస్టీన్ ఉంటుంది. దాని గంధకం మీద గట్టిగా అతుక్కునే చిన్న అణువులను వందల సంఖ్యలో పరీక్షించారు. అతుక్కున్నవాటిలో కొన్నింటిని పట్టుకుని స్ఫటికం తీస్తే, అవి స్విచ్-2 కింద ఒక గుంటలో దూరి ఉన్నాయి. అంతకుముందు తీసిన చిత్రాల్లో ఆ గుంట లేదు. జీడీపీ ఉన్న రాస్‌లో స్విచ్-2 ఊగుతున్నప్పుడు అక్కడ అరక్షణం ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీలోకి వచ్చిన అణువు దాన్ని మూసుకోనివ్వదు.

ఆ దారిలో వచ్చిన సోటోరాసిబ్‌కు 2021 మేలో, అడాగ్రాసిబ్‌కు 2022 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. రెండూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మొదలయ్యాయి. అయితే ఈ మందులు పట్టేది జీడీపీ ఉన్న, అంటే నిద్రలో ఉన్న కేరాస్‌ను. ఎప్పుడూ మేలుకునే ఉంటుందన్న ప్రోటీన్ నిద్రలో ఎలా దొరికింది? జీ12సీ పూర్తిగా ఆన్‌లో ఇరుక్కుపోలేదు. గ్యాప్ మాట వినదు గానీ, జీటీపీని సొంతంగా కోసే శక్తి దానికి చాలా వరకు మిగిలే ఉంది. నెమ్మదిగానైనా నిద్రకు వస్తుంటుంది. వచ్చినప్పుడు మందు పట్టేస్తుంది, మళ్లీ లేవనివ్వదు. 2016లో ఇది రుజువైంది.

ఇదే ఈ మందుల బలహీనత కూడా. పై నుంచి సాస్ మీద ఒత్తిడి పెరిగితే కేరాస్ జీటీపీ రూపంలో ఎక్కువసేపు ఉంటుంది, మందుకు దొరికే వాటా తగ్గుతుంది. పెద్దపేగు క్యాన్సర్లో ఈజీఎఫ్ఆర్ అనే పెరుగుదల రిసెప్టర్ సరిగ్గా ఇదే చేస్తుంది. మందు దెబ్బకు ఎర్క్ తగ్గగానే రిసెప్టర్ మీద ఉన్న కట్టడి సడలి, అది సాస్‌ను మరింత తోలుతుంది. అందుకే ఆ క్యాన్సర్లో ఒంటరి మందు అంతంతమాత్రంగా పనిచేసింది. ఈజీఎఫ్ఆర్‌ను ఆపే యాంటీబాడీని జతచేసి 2024లో అడాగ్రాసిబ్‌కు, 2025 జనవరిలో సోటోరాసిబ్‌కు అనుమతులు వచ్చాయి. రిసెప్టర్‌ను ఆపడమంటే ఇక్కడ కేరాస్‌ను మందుకు దొరికే రూపంలో ఉంచడమే. నిరోధకత ఇంకోలా కూడా వస్తుంది. గుంట గోడలో ఉన్న టైరోసిన్-96 మారిపోతే గుంటే చెడిపోతుంది, మందు నిలవదు.

ప్రోటీన్ల ఆకారాన్ని కంప్యూటర్‌తో ఊహించే ఆల్ఫాఫోల్డ్‌కు 2024లో నోబెల్ వాటా దక్కింది. దక్కాల్సిందే. కానీ దాని డేటాబేస్‌లో కేరాస్ పేరు కొడితే వచ్చేది ఒక్క బొమ్మ. అందులో జీటీపీ లేదు, జీడీపీ లేదు, మెగ్నీషియం లేదు, తోడు లేదు. స్విచ్-2 కింది గుంట కోసం ఆ బొమ్మ ఒక్కటే పెట్టుకుని వెతికేవారికి 1990లో ఎదురైన కష్టమే ఎదురవుతుంది. తోడుతో కలిపి ఊహించగల కొత్త కూర్పు 2024లోనే వచ్చింది. తోడు ఎవరో ముందే తెలిస్తే అది బాగా ఉపయోగపడుతుంది.

తోడు కానిదాన్ని తోడు చేయడం

మేలుకున్న రాస్‌ను పట్టాలంటే ఏం చేయాలి? చదునైన దాని ముఖం మీద చిన్న మందు నిలవదు. ప్రోటీన్ అయితే నిలుస్తుంది, కానీ మందుగా ఇచ్చిన ప్రోటీన్ కణం లోపలికి వెళ్లదు. కణంలోనే ఉన్న ఒక ప్రోటీన్‌ను వాడుకుంటే? సైక్లోఫిలిన్-ఎ ప్రతి కణంలోనూ పుష్కలంగా ఉంటుంది, రాస్‌తో దానికి ఏ సంబంధమూ లేదు. మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా తయారుచేసే సాంగ్లిఫెహ్రిన్ అనే పదార్థం సైక్లోఫిలిన్‌కు గట్టిగా అతుక్కుంటుంది. దాన్ని రసాయనికంగా తిరగరాసి, సైక్లోఫిలిన్ మీద రాస్‌కు సరిపోయే కొత్త ముఖం తయారుచేయొచ్చని 2023లో ప్రచురించిన పరిశోధన చూపింది. మందు ముందు సైక్లోఫిలిన్‌ను పట్టుకుంటుంది. ఆ జంట వెళ్లి జీటీపీ ఉన్న రాస్ మీద ఆనుతుంది. రాఫ్ రావాల్సిన చోటు మూసుకుపోతుంది. అవయవ మార్పిడి రోగులు వాడే సైక్లోస్పోరిన్ కూడా ఇదే సైక్లోఫిలిన్‌ను పట్టుకుని ఇదే ఉపాయంతో మరో ప్రోటీన్‌ను ఆపుతుంది కాబట్టి, ఆలోచన మరీ కొత్తది కాదు. రాస్ మీద అది కుదరడమే కొత్త.

ఈ తరహా మందుల్లో డారాక్సన్‌రాసిబ్ రోగుల మీద పరీక్షల్లో బాగా ముందుకెళ్లింది. ఇది పట్టేది జీటీపీ వల్ల వచ్చే రూపాన్ని కాబట్టి జీ12సీ ఒక్కటే కాదు, జీ12డీ, జీ12వీ (12వ స్థానంలో ఆస్పార్టేట్, వాలీన్ వచ్చినవి) లాంటివీ దొరుకుతాయి. ఇలాంటి ముగ్గురి జట్టులో ఇరుక్కున్న చెడిన రాస్‌లలో కొన్ని జీటీపీని మళ్లీ కోయడం మొదలెట్టాయన్న ఫలితాలు కూడా వచ్చాయి. రాఫ్‌ను అడ్డుకోవడానికి చేసిన జంట, గ్యాప్ చేయలేకపోయిన పనిలో కొంత చేస్తోందన్నమాట.

దీనికో వెల కూడా ఉంది. జీటీపీ ఉన్నప్పుడు మామూలు రాస్‌దీ దాదాపు అదే రూపం కాబట్టి ఈ మందు దాన్నీ పట్టుకుంటుంది. చర్మం, నోటి లోపలి పొర రోజూ కొత్త కణాలతో నిలబడేవి, వాటికి ఈజీఎఫ్ఆర్ నుంచి రాస్ మీదుగా వచ్చే కబురు కావాలి. పరీక్షల్లో రోగులకు ఎక్కువగా కనిపించిన ఇబ్బందులు ఒంటి మీద దద్దుర్లు, నోటి పుండ్లు. క్యాన్సర్ కణం ఆ సంకేతం మీద మామూలు కణం కన్నా ఎక్కువగా ఆధారపడుతుందన్న నమ్మకంతోనే మోతాదు నిర్ణయిస్తున్నారు.